బిరుసు వెంట్రుక... సున్నితమైన చర్మం!

మే నెలలో అబూ హలీఫా ఎండ ఎలా ఉంటుందో మీకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. సాయంత్రం అయిదింటికి కూడా బాల్కనీ రెయిలింగ్ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. అలాంటి రోజుల్లో ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూలుకి నిండు చేతుల స్వెట్టర్ వేసుకుని వెళ్లడం మొదలుపెట్టింది. "క్లాసులో ఏసీ ఎక్కువమ్మా" అంది. నమ్మాను. శుక్రవారం సాయంత్రం సముద్రం ఒడ్డుకి వెళ్దామంటే తలనొప్పి అంది. అదీ నమ్మాను. ఇరవై ఏళ్లుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్న నేను, ఇంట్లో కళ్లెదుట కనబడుతున్న తప్పు మాత్రం పట్టుకోలేకపోయాను.

ఒకరోజు బాత్‌రూమ్‌లోంచి "అమ్మా!" అన్న కేక వినబడింది. పరుగెత్తుకెళ్తే, దాని చేతిలో వాళ్ల నాన్న పాత రేజర్. నీళ్లు లేవు, సబ్బు లేదు. పొడి కాలి మీద కిందినుంచి పైకి ఒక్క లాగు లాగింది. మోకాలి కింద రెండంగుళాల గాటు. దానికి కట్టు కట్టాం, అది మానింది. అసలు కథ తర్వాత మొదలైంది. నాలుగు రోజులకి రెండు కాళ్ల మీదా ఎర్రటి పొక్కులు, వారానికి వాటిలో చీము. యాంటీబయాటిక్స్ వాడాక పొక్కులు తగ్గాయి కానీ ప్రతి పొక్కూ ఒక నల్లమచ్చ మిగిల్చి వెళ్లింది. వెంట్రుకలు కనబడకూడదని చేసిన పని వల్ల ఇప్పుడు మచ్చలు దాచుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి కట్టు మారుస్తుంటే చెప్పింది. స్కూలు బస్సులో దాన్ని "ఎలుగుబంటి" అంటున్నారట, జనవరి నుంచి!

నాకు చప్పున గుర్తొచ్చింది. ఫిబ్రవరిలోనో ఎప్పుడో అది నన్ను అడిగింది, "అమ్మా, నాకు చేతుల మీద ఇంత జుట్టెందుకు?" అని. నేను ల్యాప్‌టాప్ మీదనుంచి తలెత్తకుండా, "చదువు మీద దృష్టి పెట్టు. అవన్నీ పెళ్లప్పుడు చూసుకోవచ్చు" అన్నాను. ఆ ఒక్క మాటతో అది నన్ను అడగడం మానేసి, నాన్న రేజర్ వెతుక్కుంది.

ఈ వ్యాసం మా అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. "నా పేరు మాత్రం వద్దు, మిగతాదంతా రాసెయ్" అంది. మన అసోసియేషన్ కుటుంబాల్లో ఇలాంటి ఇల్లు మాదొక్కటే కాదని నాకు తెలుసు. పండగలకి కలిసినప్పుడు పిల్లల మార్కుల గురించి, ట్యూషన్ల గురించి గంటలు మాట్లాడుకుంటాం కానీ ఈ విషయం మాత్రం ఎవరం ఎత్తం. అందుకని ఆ తర్వాత ఆరు నెలల్లో నేను చదివి, డాక్టర్లను అడిగి, కొన్నిటిని స్వయంగా ప్రయత్నించి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

అసలు తియ్యాలా?

మమ్మల్ని చూసిన చర్మ వైద్యురాలు మొదట అన్న మాట ఇది: "ముందు ఇది జబ్బు కాదని తేల్చుకుందాం. తర్వాత తియ్యాలో వద్దో పాప చెప్తుంది, మీరు కాదు."

ఒంటి మీద వెంట్రుకలు తియ్యడం ఆరోగ్యానికి అవసరం కాదు, శుభ్రతకీ అవసరం కాదు. అవి ఉన్నందువల్ల ఏ రోగమూ రాదు. మరి ఈ అవసరం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? అరబ్బు దేశాల్లో, ఈజిప్టులో ఆడవాళ్లు చక్కెర పాకంతో రోమాలు తీసుకోవడం చాలా పాత ఆచారమే. కానీ పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్ల చేతికి రేజర్ వచ్చి ఎంతో కాలం కాలేదు. 1904లో పేటెంట్ పొందిన తన సేఫ్టీ రేజర్ని మగవాళ్లకి అమ్మిన జిల్లెట్ కంపెనీ, 1915లో ఆడవాళ్ల కోసమని వేరే రేజర్ దించింది. చేతులు లేని గౌన్ల ఫ్యాషన్ అప్పుడే వస్తోంది. ఆ తర్వాత పత్రికల నిండా ప్రకటనలే. అంతకు ముందు ఎవరూ పట్టించుకోని చంకల రోమాలు హఠాత్తుగా సిగ్గుపడాల్సిన సంగతి అయిపోయాయి. సరుకు ముందొచ్చి, అవసరం వెనకొచ్చిందన్నమాట!

2024లో ఉత్తరప్రదేశ్ పదో తరగతి బోర్డు పరీక్షల్లో రాష్ట్రానికే మొదటి స్థానం తెచ్చుకున్న అమ్మాయి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పిల్ల మార్కులు వదిలేసి ముఖం మీద రోమాల గురించి దేశమంతా మాట్లాడింది. అది చూసి నేను కూడా "అయ్యో పాపం, ఎంత తెలివితక్కువ జనం" అనుకున్నదాన్నే. అదే మాట బస్సులో నా కూతుర్ని అంటుంటే మాత్రం నాకు వినబడలేదు.

కాబట్టి మొదటి నిర్ణయం ఇదీ: తియ్యకపోవడం కూడా ఒక పద్ధతే. ఖర్చు లేదు, నొప్పి లేదు, మచ్చ లేదు. కానీ పిల్ల తనకు తానుగా తియ్యాలనుకుంటే "వద్దు" అని ఊరుకోవడం మాత్రం పద్ధతి కాదు. అప్పుడు పొరపాటు చెయ్యని దారి చూపించడం మన పని.

డాక్టర్ని ఎప్పుడు కలవాలి?

మనలో చాలామందికి చేతుల మీద, కాళ్ల మీద నల్లటి బిరుసు రోమాలు వంశపారంపర్యంగా వచ్చేవే. మా అత్తగారి వైపు అందరికీ అంతే. అది జబ్బు కాదు. కానీ ఆడపిల్లలకి గడ్డం కింద, ఛాతీ మీద, పొట్ట మీద ముతక రోమాలు కొత్తగా, త్వరత్వరగా పెరుగుతుంటే, దానికి తోడు నెలసరి తప్పుతూ ఉండటం, మొటిమలు విపరీతంగా రావడం, బరువు పెరగడం ఉంటే, వాక్స్ పార్లర్ కన్నా ముందు డాక్టర్ దగ్గరకి వెళ్లాలి. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అందుకు ఒక కారణం కావచ్చు. సంతానం కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో పదిమందికి ఒకరికి ఇది ఉంటుంది. 1935లోనే స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు దీన్ని వివరించినా, నేటికీ చాలామందికి తమకది ఉన్నట్టు తెలియదు. మూలం లోపల ఉంటే పైన ఎంత పీకినా మళ్లీ వస్తూనే ఉంటుంది.

మా అమ్మాయికి అలాంటిదేమీ లేదని తేలింది. ఇక రెండో అంకం.

గొడవంతా ఎక్కడుంది?

మన సమస్యలో రెండు షరతులున్నాయి, అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. వెంట్రుక బిరుసు కాబట్టి గట్టి పద్ధతి కావాలి. చర్మం సున్నితం కాబట్టి మెత్తటి పద్ధతి కావాలి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది.

లావుపాటి, వంపు తిరిగిన వెంట్రుకని మరీ మొదలంటా కోస్తే దాని కొన సూదిలా పదునెక్కుతుంది. పెరిగేటప్పుడు ఆ కొన బయటికి రాకుండా పక్కకి తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒళ్లు దాన్ని ముల్లులాగే భావించి వాచిపోతుంది. అదే ఆ ఎర్రటి పొక్కు. మగవాళ్లకి మెడ మీద వచ్చే షేవింగ్ పొక్కులూ ఇవే. మావారు పదిహేనేళ్లు "నాకు బ్లేడ్ పడదు" అంటూ వచ్చారు. పడనిది బ్లేడ్ కాదు, చర్మానికి మరీ దగ్గరగా కోయడం.

ఇక రెండోది, మన చామనఛాయ. చర్మానికి ఏ చిన్న గాయమైనా, మంటైనా, పొక్కైనా మన ఒంట్లో రంగు కణాలు రెచ్చిపోయి అక్కడ నల్లమచ్చ వేస్తాయి. అది పోవడానికి నెలలు పడుతుంది. తెల్లవాళ్లకి రెండు రోజుల్లో తగ్గే ఎరుపు మనకి ఆర్నెల్ల మచ్చ. కాబట్టి ఇంగ్లీషు పత్రికల్లో వాళ్లకి చెప్పిన సలహాలు మనకి యథాతథంగా పనికిరావు.

ఇప్పుడు ఒక్కొక్క పద్ధతీ చూద్దాం.

రేజర్, ట్రిమ్మర్

"గీస్తే ముతకగా మొలుస్తుంది" అని మా అమ్మమ్మ అనేది. మీ అమ్మమ్మ కూడా అనే ఉంటుంది! 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గీసిన వెంట్రుకలని కొలిచి మరీ చూసింది. లావు పెరగలేదు, వేగమూ పెరగలేదు. సహజంగా వెంట్రుక కొన సన్నగా ఉంటుంది. కోసినప్పుడు మొండిగా అవుతుంది. ఆ మొండి కొన చేతికి గరుకుగా తగిలి మనల్ని మోసం చేస్తుంది, అంతే. వెంట్రుక పుట్టే చోటు చర్మం లోపల ఉంది, పైన కోసిన సంగతి దానికి తెలియను కూడా తెలియదు.

రేజర్ వాడేవాళ్లకి నాలుగు సూత్రాలు. ఒకటి, నానబెట్టడం. తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ముందు తల బాగా తడుపుకోమంటారు. నీళ్లు తాగిన వెంట్రుక మెత్తబడుతుంది. గోరువెచ్చటి నీళ్లతో అయిదు నిమిషాలు తడిపి, వాసన లేని షేవింగ్ జెల్ రాయాలి. రెండు, వెంట్రుక ఎటు వాలి ఉంటే అటే గీయాలి, ఎదురు గీయకూడదు. మూడు, చర్మాన్ని సాగదీయకూడదు, ఒకేచోట రెండుమూడు సార్లు తిప్పకూడదు. నాలుగు, బ్లేడ్ అయిదారు సార్లకి మించి వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఒకరి రేజర్ ఇంకొకరు ముట్టుకోకూడదు. కంటికి కనబడని గాట్ల ద్వారా హెపటైటిస్ బి, సి లాంటి జబ్బులు సంక్రమించే ప్రమాదం ఉంది.

రేజర్ కన్నా మనలాంటివాళ్లకి నయమైనది ట్రిమ్మర్. బ్లేడ్ చర్మాన్ని తాకదు. ఒక మిల్లీమీటరు వెంట్రుక వదిలేస్తుంది కాబట్టి కొన లోపలికి తిరిగి గుచ్చుకునే ప్రసక్తి చాలా తక్కువ. నున్నగా రాదు, కానీ మూరెడు దూరంనుంచి చూస్తే కనబడదు. మావారి మెడ పొక్కులు పోయింది కూడా దీనివల్లే.

క్రీములు

మన చిన్నప్పుడు టీవీలో యాన్ ఫ్రెంచ్ ప్రకటన రానిరోజు లేదు. ఇప్పుడు ఇక్కడ జమియాలో వీట్ డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. వీటిలో ఉండే థయోగ్లైకోలేట్ అనే పదార్థం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్ బంధాలని తెంపుతుంది. వెంట్రుక పేస్టులా మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. నొప్పి లేదు, గాటు లేదు. మరి తిరకాసు ఎక్కడ? చర్మం పైపొరలో ఉన్నది కూడా కెరాటినే! బిరుసు వెంట్రుక కరగడానికి ఎక్కువసేపు కావాలి, సున్నితమైన చర్మం అంతసేపు తట్టుకోలేదు. "ఇంకో రెండు నిమిషాలు ఉంచుదాం" అనుకున్న చోటే కాలుతుంది. డబ్బా మీద రాసిన సమయం దాటకూడదు. శరీరానికి అని రాసినది ముఖానికి వాడకూడదు. గాటు, పొక్కు, ఎండకి కమిలిన చోటు ఉంటే అసలు ముట్టుకోకూడదు.

వాక్స్, హలావా

వాక్స్ వెంట్రుకని వేళ్లతో సహా లాగుతుంది కాబట్టి మూడు నాలుగు వారాలు నిశ్చింత. కానీ బిరుసు వెంట్రుక ఒక్కోసారి ఊడకుండా మధ్యలో తెగి, లోపలే వంకర పోతుంది. మళ్లీ పొక్కులు! నా అనుభవం కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో ఎంసీఏ చదివే రోజుల్లో ఒక పార్లర్‌లో అమ్మాయి వాక్స్ వేడి చూడకుండా నా ముంజేతి మీద పూసేసింది. ఆ మచ్చ నా పెళ్లి ఫోటోల్లో కూడా ఉంది. వాక్స్ పూసేముందు "మీ మణికట్టు మీద చూపించండి" అని అడగడానికి అప్పట్లో మొహమాటపడ్డాను. ఇప్పుడు పడను, మీరూ పడకండి.

మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్న పిల్లలు వాక్స్ జోలికి పోకూడదు. చర్మం పైపొర పలచబడి, వాక్స్‌తో పాటు ఊడొస్తుంది. మందు ఆపిన తర్వాత కూడా ఆరునెలలు ఆగమంటారు. ముఖానికి రెటినాయిడ్ క్రీములు రాస్తున్నవాళ్లు కూడా డాక్టర్ని అడగాలి.

కువైట్‌లో ఉన్నందుకు మనకి దొరికిన మరో దారి హలావా. చక్కెర, నిమ్మరసం, నీళ్లు, ఇంతే సరుకు. మా బిల్డింగ్‌లో ఉండే రాజంపేట అక్క ఇరవై ఏళ్లుగా అరబ్బుల ఇళ్లలో పనిచేస్తోంది. ఆమెనడిగితే నవ్వేసి, "మన అరిసెల పాకమే మ్మా, రవ్వంత ముదురు ఉండల్ల. నీళ్లలో వేస్తే ఉండ కట్టల్ల. లేతదైతే చేతికి అంటుకుంటాది, ముదిరిందంటే రాయి" అంది. ఎన్ని కంప్యూటర్లు చదివినా ఇంత చక్కగా చెప్పగలనా!

హలావాలో లాభం ఏమిటంటే, దాన్ని ఒంటి వేడికి దగ్గరగా చల్లార్చి వాడతారు. వెంట్రుకకి అంటుకున్నంత గట్టిగా చర్మానికి అంటుకోదు. చేతితో పూసే అసలు పద్ధతిలో వెంట్రుక వాలుకి ఎదురుగా పూసి, వాలు వైపుకే లాగుతారు. దీనివల్ల మధ్యలో తెగడం తగ్గుతుంది. మిగిలింది నీళ్లతో కడిగితే పోతుంది. రంగులు, వాసనలు, జిగురు రసాయనాలు లేవు కాబట్టి అలర్జీ భయం తక్కువ. అయితే నొప్పి నొప్పే. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: పొయ్యి మీద ఉన్న చక్కెర పాకం మరిగే నీళ్లకన్నా వేడిగా ఉంటుంది, ఒంటి మీద పడితే అంటుకుని మరీ కాలుస్తుంది. పిల్లల్ని వంటింటి దరిదాపులకి రానివ్వద్దు. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు, కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు వాక్స్, హలావా రెండూ డాక్టర్ని అడగకుండా చేయించుకోకూడదు.

దారంతో తీయడం కనుబొమలకీ, పై పెదవికీ బాగానే ఉంటుంది, చేతులకీ కాళ్లకీ కాదు. దారం కొన నోట్లో పట్టుకునే చోట కాస్త ఆలోచించండి. మెడకి కట్టుకుని చేసేవాళ్లు కూడా ఉన్నారు.

లేజర్ సంగతి

ఎఫ్ఎం రేడియో పెడితే, లిఫ్ట్‌లో కరపత్రం చూస్తే, అంతా లేజరే. ఇది మంత్రం కాదు, భౌతికశాస్త్రం. 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు ఒక సూత్రం చెప్పారు. సరైన రంగు కాంతిని సరైనంతసేపు వేస్తే, అది తనకి కావలసిన లక్ష్యాన్ని మాత్రమే వేడెక్కిస్తుంది, చుట్టుపక్కల ముట్టుకోదు. ఇక్కడ లక్ష్యం వెంట్రుకలోని మెలనిన్, అంటే నల్లరంగు. బిరుసైన నల్ల వెంట్రుక లేజర్‌కి చాలా ఇష్టమైన లక్ష్యం. తెల్ల వెంట్రుక దానికి కనబడదు.

మరి మన చర్మంలో కూడా మెలనిన్ ఉందే! అక్కడే జాగ్రత్త కావాలి. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్ల చర్మానికి బాగా పనిచేస్తుంది, మన రంగు మీద కాల్చే ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ చర్మం పైపొర రంగుని పెద్దగా పట్టించుకోకుండా లోతుకి పోతుంది, చామనఛాయకి అన్నిటిలోకీ క్షేమం. ఈ రెంటికీ మధ్యన 800 దరిదాపుల్లో డయోడ్ లేజర్ ఉంది. క్లినిక్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని దినార్లు?" కాదు, "ఏ లేజర్, ఎన్ని నానోమీటర్లు?" అని. జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. ఇంట్లో వాడుకునే ఐపీఎల్ పరికరాలు కొనేముందు, డబ్బా మీదున్న చర్మపు రంగుల పట్టికలో మీ రంగు ఉందో లేదో చూసుకోండి.

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. పెరిగే దశలో ఉన్నవాటినే లేజర్ దెబ్బతీస్తుంది. అందుకే నెల, నెలన్నర విడిచి ఆరు నుంచి ఎనిమిది సార్లు చేయించుకోవాలి. అప్పుడు కూడా అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకునే మాట "శాశ్వత తగ్గింపు" మాత్రమే. నిజంగా శాశ్వతంగా తీసేది ఎలక్ట్రోలిసిస్. 1875లో చార్లెస్ మిచెల్ అనే కంటి వైద్యుడు లోపలికి తిరిగిన కనురెప్ప వెంట్రుకల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. ఒక్కొక్క వెంట్రుకకీ ఒక్కొక్క సూది, అంటే ఎంత ఓపిక కావాలో మీరే ఊహించుకోండి.

నొప్పి తెలియకుండా మత్తు క్రీము దట్టంగా పూసి, పైన ప్లాస్టిక్ చుట్టుకోవడం ప్రాణాంతకం. అమెరికాలో ఇద్దరు యువతులు లేజర్‌కి ముందు కాళ్లకి అలా చుట్టుకుని చనిపోయాక, 2007లో ఎఫ్‌డీఏ అందరినీ హెచ్చరించింది.

పద్దెనిమిది నిండని పిల్లలకి లేజర్ తొందర వద్దనే మా డాక్టర్ అన్నారు. హార్మోన్లు ఇంకా కుదురుకోలేదు, ఇవాళ తీసిన చోట రేపు కొత్తవి మొలుస్తాయి. పైగా కొందరికి, ముఖ్యంగా ముఖం మీద, లేజర్ వల్లే రోమాలు పెరగడం కూడా ఉందట!

"కొత్త టెక్నాలజీ కదా, ఏమీ కాదు" అనేవాళ్లకి ఒక పాత కథ. 1920లలో అమెరికాలో, కెనడాలో బ్యూటీ పార్లర్లలో ఎక్స్-రే యంత్రాలు పెట్టి ముఖం మీద రోమాలు తీసేవారు. నొప్పి లేదు, మచ్చ లేదు, ఊడిన వెంట్రుక మళ్లీ రాలేదు. కొన్నేళ్లకి ఆ ఆడవాళ్ల ముఖాల మీద పుండ్లు, ఆ తర్వాత క్యాన్సర్లు వచ్చాయి.

నలుగుపిండి మాటేమిటి?

మన ఇళ్లలో పసిపిల్లకి శనగపిండి, మీగడ, పసుపు కలిపిన ముద్దతో ఒళ్లు రుద్దుతారు, నూగు పోతుందని. నిజానికి పుట్టినప్పుడున్న ఆ నూగు కొన్ని వారాల్లో దానంతట అదే రాలిపోతుంది. పేరు మాత్రం ముద్దకి వస్తుంది! సున్నిపిండి ఒంటి జిడ్డు తీస్తుంది, పండగ కళ తెస్తుంది. కానీ పసుపు రాసినా, ప్యూమిస్ రాయితో రుద్దినా వెంట్రుక వేళ్లు చావవు. సున్నితమైన చర్మాన్ని గట్టిగా రుద్దితే మచ్చలొస్తాయి. పసిపిల్లలని అసలు రుద్దకండి. మంగలి పెట్టెలో ఉండే పటిక చిన్న గాటుకి రక్తం ఆపుతుంది, అంతవరకే. సున్నితమైన చర్మానికి అదీ మండుతుంది.

మేం ఏం చేశామంటే...

ఆఫీసులో మేం కొత్త ప్రోగ్రామ్‌ని నేరుగా బ్యాంకు కంప్యూటర్లలో పెట్టం. ముందు ఒక మూల చిన్న యంత్రంలో నడిపి చూస్తాం. ఇంట్లో కూడా అదే చేశాం. ఏ పద్ధతైనా ముందు పిక్క పక్కన అంగుళం మేర చేసి, రెండు రోజులు ఆగి చూశాం. క్రీము పదిగంటలకల్లా ఎర్రబడింది, కొట్టేశాం. హలావా బాగానే ఉంది కానీ మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని "ఇది పరీక్షల తర్వాత చూద్దాం" అంది. ట్రిమ్మర్ మూడు రోజులైనా ఏ పొక్కూ లేదు. ఆ నిర్ణయం అదే తీసుకుంది.

ఇక్కడి వాతావరణానికి కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఏ పద్ధతైనా రాత్రి పడుకునేముందు చేసుకోవాలి. చల్లటి గుడ్డ అద్ది, వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, వదులైన నూలు బట్ట వేసుకోవాలి. మర్నాడంతా ఎండ, సముద్రపు ఉప్పునీళ్లు, ఈతకొలను క్లోరిన్, బిగుతు యూనిఫాం, అత్తరు వద్దు. చెమటతో రుద్దుకుంటే పొక్కులు ఖాయం. వేసవిలో ట్యాంకు నీళ్లు పగటిపూట ఎంత కాగుతాయో తెలుసుగా, అవి కాళ్ల మీద పోసుకోవద్దు. పొక్కు వస్తే గిల్లవద్దు. చీము, జ్వరం ఉంటే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి. మచ్చలున్న చోట బయటికి వెళ్లేముందు సన్‌స్క్రీన్ రాస్తే అవి త్వరగా తగ్గుతాయి.

స్కూలు బస్సు సంగతి కూడా చెప్పాలి. క్లాస్ టీచర్ని కలిశాను. అలా అన్న పిల్లలకి ఆమె ఏం చెప్పారో గానీ, ఆ మాట ఆగింది. నేను అడక్కపోతే ఆ సంగతి ఆవిడకీ తెలియదు.

పిల్లలూ, ఈ ముక్క మీ కోసం. మీ పక్క సీటులో ఉన్నవాళ్ల చేతుల మీద రోమాలు ఎక్కువ ఉంటే అది వాళ్ల అమ్మమ్మ, తాతయ్య ఇచ్చినది, వాళ్ల తప్పు కాదు. దాని మీద పేర్లు పెట్టకండి. మీకే ఆ సమస్య ఉంటే రేజర్ దొంగతనంగా తీయకండి, అమ్మనో నాన్ననో అడగండి. వాళ్లు ల్యాప్‌టాప్ చూస్తూ జవాబు చెబితే, మూత మూసి మళ్లీ అడగండి. ఇది మా అమ్మాయి రాయమన్న వాక్యం.

డిసెంబరులో చలి మొదలయ్యాక ఒక శుక్రవారం అబూ హలీఫా ఒడ్డుకి వెళ్లాం. గాలి రివ్వున కొడుతోంది. మా అమ్మాయి పొట్టి చేతుల టీషర్టులో తమ్ముడితో బంతి ఆడుతోంది. దగ్గరికొచ్చినప్పుడు చూశాను, చేతుల మీద రోమాలు అలాగే ఉన్నాయి. "ట్రిమ్మర్ ఛార్జింగ్ అయిపోయిందా?" అన్నాను. "లేదమ్మా, ఈ వారం బద్ధకం వేసింది" అని మళ్లీ పరుగెత్తింది. నేను స్వెట్టర్ తెచ్చాను, చలికి. అది వేసుకోలేదు.